లక్షా ఒకటి

సేర్లు పోయి కిలోలొచ్చిన ఏడు, ఆదిలాబాద్ పత్తి బజారులో పోశెట్టి కొట్టు తరాజు మారింది గాని బేరం మారలేదు. అడిగిన ధరకు కొన్నవాడు కాదు, ఎదుటివాడు చెప్పిన ధరకు అమ్మినవాడు కాదు. ఆ ఏడే అతని భార్య శంకరవ్వను నాగపూర్ డాక్టరు చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఫీజు కూడా ముట్టుకోలేదు. సొమ్ము వద్దన్న మనిషితో బేరం ఎట్లా చేయాలో పోశెట్టికి తెలియలేదు.

ఇక దేవుడొక్కడే మిగిలాడు. కార్తీక పున్నమికి లక్ష వత్తులు వెలిగించాలని శంకరవ్వకు ఏండ్లనాటి కోరిక. ఇంట్లో పదకొండు మంది: వాళ్లిద్దరు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, ముగ్గురు మనవరాళ్లు. అందరూ సమంగా, ఎవరి వంతు వాళ్ల చేత్తోనే చేస్తే, ఆ పదకొండులోంచి దేవుడు ఒకరిని తీసేయలేడని పోశెట్టి లెక్క.

కొట్టు గచ్చుమీద సుద్దముక్కతో భాగించాడు. లక్షను పదకొండుకు పంచితే పది మిగిలాయి. శుభానికి పైన ఒకటి వేసి చూశాడు. లక్షా ఒకటి. రెండుకు పోదు, మూడుకు పోదు, అయిదుకు పోదు, ఏడుకూ పోదు. మొండి ఘటం. పదకొండుకు మాత్రం గింజ మిగలకుండా పోయింది: తలకు తొమ్మిది వేల తొంభై ఒకటి.  అవతలివాడు ఒప్పుకుని చేతిలో చెయ్యేసినట్టే పోశెట్టికి అనిపించింది.

మర్నాటినుంచి మగవాళ్లూ వేళ్లకు విభూది అద్దుకుని పత్తి నలపడానికి కూర్చున్నారు.

"మామా, మీ వత్తులు దీపానికా, బండి ఇరుసుకా?" అంది పెద్దకోడలు గంగుబాయి.

"నావి ఎక్కువసేపు వెలుగుతయ్ బిడ్డా."

మంచంమీదినుంచి శంకరవ్వ నవ్వింది. "అమ్మేటోడు గట్లనే చెప్తడు."

ఆమె వంతును రోజులకు సమంగా పంచబోయాడు పోశెట్టి. తొమ్మిది వేల తొంభై ఒకటి తనకొచ్చిన ఏ ఎక్కానికీ లొంగలేదు. ఎట్లా పంచినా ఎన్నో కొన్ని మిగిలాయి. అయినా ఆమె బుట్ట రోజురోజుకూ నిండుతుంటే అతని మొహం తేటపడింది.

ఒక సాయంత్రం ఆ బుట్టలో చెయ్యి పెట్టాడు. పత్తి పట్టుకుంటే ఏ ఊరి చేనుదో చెప్పే వేళ్లు అవి. కొన్ని సన్నం, కొన్ని ముతక. మెలి ఒక్కతీరుగా లేదు.

"ఇవి నీ చేతివి కావు గదా?"

"కావు," అంది శంకరవ్వ. "కోడండ్లు తెచ్చి పోస్తుండ్రు. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. చూడు, నా వేళ్లెక్కడ వంగుతున్నయ్?"

వాచిన వేళ్లు చూపింది. పోశెట్టి కోపం చేయలేదు. ఇచ్చిన మాట తప్పినప్పుడు కొత్త మాట కుదుర్చుకోవాలి, బజారులో అంతే. మంచం పక్కనే కూర్చుని మళ్లీ సుద్ద పట్టాడు.

"ఇగ చూడు. మేం పదిమందిమి తలా పదివేలు చేస్తం. ఒక్కటి మిగులుతది. గదే నీ వంతు. ఒక్కటి చెయ్, చాలు."

"దేవుడు ఒప్పుకుంటడా?"

"ఎట్లనన్న నేను ఒప్పిస్త."

ఆమె అరచేతికి విభూది రాసి, చిటికెడు పత్తి పెట్టాడు. వేళ్లు సగందాకా వంగి ఆగాయి. విచ్చుకున్నాయి. మళ్లీ వంగాయి. పత్తి పెట్టినది పెట్టినట్టే ఉంది.

శంకరవ్వ ఊపిరి కూడదీసుకుంది. "తొమ్మిది వేలనుంచి ఒక్కటికి దింపినవ్. గంత బేరగానివి, గా ఒక్కటి గూడ తగ్గించరాదా సేటూ?"

పోశెట్టి గచ్చుమీది లెక్కకేసి చూశాడు. ఒకటి తగ్గిస్తే లక్ష. లక్ష పదిమందికి సరిగ్గా పోతుంది. పదకొండో మనిషికి ఏమీ మిగలదు.

గచ్చుమీది ఆ ఒకటిని చెరపడానికి చెయ్యి రాలేదు. పత్తితో సహా ఆమె అరచేతిని తన గుప్పిట్లో మూసి, అట్లాగే కూర్చున్నాడు.