ఖాళీ జాగా

రూల్సు పెట్టడమంటే బుడేన్ సాహెబుకు మహా సరదా. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఆ లేబర్ క్యాంపుకు ఆయనే క్యాంప్ బాస్. చెప్పులు ఎక్కడ విప్పాలో, బకెట్లు ఎక్కడ బోర్లించాలో, ఎవరు ఏ పొయ్యి మీద వండుకోవాలో, అన్నిటికీ ఆయన దగ్గర ఒక రూలు ఉండేది. అలాంటి మనిషి దగ్గరికి కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, వచ్చి, వెనక గోడ పక్కన ఊరికే పడివున్న కంకర నేలలో మనవాళ్లు ఏమైనా పచ్చగా పెంచుకుంటే చూడ్డానికి బాగుంటుందని అనిపోయాడు. ఇంకేముంది! సాహెబు సున్నం తెప్పించి, ఆ నేలంతా మడులుగా గీతలు గీయించి, శుక్రవారం అందర్నీ నిలబెట్టి చట్టం చదివాడు.

"కంకర ఏరి తవ్వినోడికే మడి. పచ్చగా పెంచినన్నాళ్లే వానిది. రెండు వారాలు ఊరికే పండబెడితే లాక్కొని, అడిగినోడికి ఇచ్చేస్తా. ఒగడు ఇంగొగనికి ఇచ్చేది లేదు, అమ్మేది లేదు. ఖలాస్."

అందరూ నవ్వుకున్నారు గానీ, హన్మాండ్లు మాత్రం ఛాతీ విరుచుకున్నాడు. షట్టరింగ్ పనిలో పదిహేనేళ్లు నలిగిన మనిషి, మాట్లాడితే భూమి గురించే మాట్లాడతాడు. ఖానాపూర్ అవతల అడవి అంచున వాళ్ల ఊరు. నిజాం కాలంలో వాళ్ల తాతకు సర్కారు అడవి కొట్టి దున్నుకోమని లావుణి పట్టా ఇచ్చింది. ఆ పట్టా కథ క్యాంపులో వినని చెవి లేదు. ఆరోజు ఇంకోసారి మొదలుపెట్టాడు.

"ఇవి మా తాత రూల్సే! అడివి కొట్టాలె, మొద్దులు పెరకాలె, మూడేండ్లల్ల నాగలి గట్టాలె. లేకుంటే సర్కారు గుంజుకుంటది. మా తాత రెండేండ్లల్లనే జొన్న తీసిండు. సర్కారు గిర్దావర్ వొచ్చి చూసి, నువ్వు మనిషివా, దెయ్యానివా అన్నడట!"

"అది సరేరా, అంతకుముందు అక్కడ ఎవరుండేవోరు?" అని అడిగాడు ఆదిశేషు.

"ఎవలుంటరన్నా అడివిల? ఖాళీ."

"ఆయ్," అని ఊరుకున్నాడు ఆదిశేషు.

ఆదిశేషుది అమలాపురం వైపు. క్యాంపులో ఏసీలు బాగుచేసే పని. హన్మాండ్లు కంటే పదేళ్లు పెద్ద, ఒకే గది, పక్కపక్క మంచాలు. ఇద్దరికీ రోజూ ఒకటే పోట్లాట. హన్మాండ్లు పెళ్లాం రేణుక ఊరినుంచి ఎవరి సామానులోనో అతనికి పుంటికూర విత్తనాలు పంపించింది. పొట్లం విప్పి చూసి ఆదిశేషు, "గోంగూర గింజల్రా ఇవి," అన్నాడు. పుంటికూర అని హన్మాండ్లు, గోంగూర అని ఆదిశేషు. "ఒరేయ్, ప్రపంచమంతా గోంగూరంటే నువ్వొక్కడివి పుంటికూరంటావేంట్రా!" అని ఆయన అంటే, "మా భూమిల మొలిస్తే పుంటికూరనే," అని ఈయన. గదిలో మూడోవాడు దేవేందర్ ఇద్దర్నీ ఎగదోసి తమాషా చూసేవాడు.

మడుల పంపకంలో హన్మాండ్లుకు జనరేటర్ పక్కది వచ్చింది, ఆదిశేషుకు బ్లాకు గోడ పక్కది. హన్మాండ్లు ఆరోజే పార పట్టాడు. గింజలు సగం చల్లాడు, కుళాయి నీళ్లు పోశాడు, మొలకలు లేచాయి. వారం తిరక్కుండానే పసుపు రంగుకు తిరిగాయి. ఆ నేలంతా ఉప్పు. పొద్దున చూస్తే మట్టి మీద తెల్లగా పొక్కులు కట్టి ఉండేది.

ఆదిశేషు తొందరపడలేదు. ఏసీ పైపుల కింద బకెట్లు పెట్టి, కారిన నీళ్లన్నీ పట్టి మడిలో పోసి పోసి ఉప్పంతా కిందికి దించాడు. మెస్సులో టీపొడి పిప్పి, ఉల్లితొక్కలు, ఎవరో పికప్ డ్రైవర్ని బతిమాలి తెప్పించిన మేకల ఎరువు అన్నీ కలిపి తిరగేశాడు. పైన తడిపిన గోనెసంచులు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి వదిలేశాడు. ఒక్క గింజ వేయలేదు.

"శేషన్న గోనెసంచులు పండిస్తుండు," అని దేవేందర్ వెక్కిరించాడు.

"మాగాల్రా. మట్టికి కూడా కాస్త పడక కావాలి. మాగితే అదే మాగాణి అవుద్ది," అని నవ్వాడు ఆదిశేషు.

అది కరోనా ఏడాది. చలికాలం మొదలవుతుండగా ఆదిశేషుకు జ్వరం తగిలింది. టెస్టులో పాజిటివ్ అన్నారు. తెల్ల సూట్లవాళ్లు వచ్చి అంబులెన్స్ ఎక్కిస్తుంటే, ఆయన మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. అందర్లోనూ హన్మాండ్లునే వెతికి పట్టుకుని చూశాడు.

"సంచులు తీయనివ్వకురా."

"నేన్ జూస్కుంట గదనే అన్నా. నువ్ నిమ్మళంగ పో."

ఆ మాట మనసులో ఏ కల్మషమూ లేకుండానే అన్నాడు. ఆ సంగతి తర్వాత హన్మాండ్లు తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు, అయినా మనసు ఊరుకోలేదు.

మొదట్లో ఆదిశేషు ఆసుపత్రి నుంచి రోజూ ఫోను చేసేవాడు. తర్వాత ఆక్సిజన్ పెట్టారని తెలిసింది. తర్వాత ఫోను స్విచ్ఛాఫ్. గదిలో ఆయన మంచం వైపు చూడకుండా మాట్లాడుకోవడం అలవాటైంది. గొంతు తగ్గించి, ఉన్నాడో పోయాడో అన్నట్టు మాట్లాడుకున్నారు. ఈలోపు హన్మాండ్లు మడిలో చివరి మొక్క కూడా వాడిపోయింది. పక్క మడిలో బెంగాలీ కుర్రాళ్లు పాలకూర కోసుకుంటున్నారు. అడవి కొట్టిన తాత మనవడికి అరచేతిలో పట్టేంత ఆకు పండించడం చేతకాలేదని దేవేందర్ ఊరికే అన్నాడో ఎగతాళికే అన్నాడో గానీ, హన్మాండ్లుకు ఆరోజు అన్నం సయించలేదు.

మర్నాడే బుడేన్ సాహెబు మాస్కు కట్టుకుని, చేతికర్రతో మడుల మీదికి తనిఖీకి వచ్చాడు. హన్మాండ్లు మడి చూసి పెదవి విరిచి, గోనెసంచుల దగ్గర ఆగాడు.

"ఏమప్పా, ఇది ఆదిశేషుది గదా? ఏమన్నా ఏసినాడా దీంట్లో?"

చెప్పడానికి చాలా ఉంది. ఏసీ నీళ్లున్నాయి, ఎరువుంది, మాగుతున్న మట్టి ఉంది, అంబులెన్స్ మెట్టు మీద ఇచ్చిన మాట ఉంది. హన్మాండ్లు ఒక్క క్షణం సంచుల వైపు చూశాడు. ఆయన ఇక రాడులే అన్న ఆలోచన అప్పుడు అతని బుర్రలో మెదిలింది. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన వచ్చి అప్పటికే రెండు మూడు రోజులైంది.

"ఏం ఎయ్యలే సాబ్. ఖాలీ హై."

"అయితే నువ్ తీసుకో. ఆ జనరేటర్ పక్కది రద్దు. యల్లా."

అంతే. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క మాటతో పని జరిగిపోయింది.

సంచులు ఎత్తగానే ఆ వాసనకు హన్మాండ్లు చెయ్యి ఆగింది. మట్టి నల్లగా, చల్లగా, పిడికిట పట్టి విప్పితే పొడిపొడిగా జారిపోతోంది. ఈ దేశంలో అలాంటి మట్టి అతను ఎన్నడూ చూడలేదు. సేద్యం తెలిసిన మనిషి కాబట్టి అది ఆదిశేషు వారాల తరబడి పడ్డ కష్టమని అతనికి తెలిసింది. తెలిసి కూడా మిగిలిన గింజలు చల్లాడు. పనికిమాలినవాడు, ఆరోజే నీళ్లు కూడా పెట్టాడు.

పుంటికూర గోడ పొడుగునా గుబురుగా లేచింది. చూసినవాడల్లా ఆగి మెచ్చుకున్నాడు. బుడేన్ సాహెబు ముదీర్‌ని పిలుచుకొచ్చి మరీ చూపించాడు. హన్మాండ్లు వీడియో తీసి ఇంటికి పంపితే, తల్లి గౌరవ్వ ఫోనులోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "ముమ్మాటికి తాత పోలికే బిడ్డా. ఖాళీ జాగల బంగారం తీస్తవ్," అంది. ఆ పొగడ్తకు మాత్రం హన్మాండ్లు ఎందుకో ఫోను తొందరగా పెట్టేశాడు.

ఆదిశేషు పోలేదు. ఒక మధ్యాహ్నం క్యాంపు బస్సులోంచి దిగాడు. చొక్కా ఆయన ఒంటి మీద ఉన్నట్టు లేదు, హ్యాంగరుకు తగిలించినట్టు ఉంది. గదికి కూడా వెళ్లలేదు. సంచి చేతిలో పట్టుకుని, గోడ పట్టుకుంటూ నేరుగా మడుల దగ్గరికి నడిచాడు. అక్కడ హన్మాండ్లు కూర కోస్తున్నాడు.

ఆయన మడినంతా ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. ఒక పక్కన మడిచి పెట్టిన గోనెసంచులు చూశాడు. తిడతాడని హన్మాండ్లు ఎదురుచూశాడు. తిట్టాలని లోపల్లోపల కోరుకున్నాడు కూడా. తిడితే కాళ్ల మీద పడేవాడే.

"బాగా వచ్చిందండీ," అన్నాడు ఆదిశేషు. "మీ చెయ్యి మంచిది."

ఒకే గదిలో ఆరేళ్లు హన్మాండ్లును ఒరేయ్ అని పిలిచిన నోరు అది. దాంట్లోంచి 'మీరు' అని వినవలసి వస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు. ఏం చేయాలో తోచక, చేతిలో ఉన్న కూరకట్టను ముందుకు చాపాడు.

"తీసుకో అన్నా. పచ్చడి చేస్కుందువు."

ఆదిశేషు రెండు చేతులతో అందుకున్నాడు. "పుంటికూరే కదండీ," అని మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గోంగూర అనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది హన్మాండ్లుకు, ఇన్నేళ్లలో తాత కథతో పాటు ఒక్కసారీ చెప్పని సంగతి. విత్తనాలకు ముందు ప్రతి ఏడూ గూడెం నుంచి ఒక కోలాం ముసలమ్మ వాళ్ల చేనుకు వచ్చేది. ఇప్పచెట్టు మొదట్లో ఒక రాయికి పసుపు పూసి, కాసేపు కూర్చుని, లేచి పోయేది. "పిచ్చిది, తొవ్వ తప్పి మన చేన్లకొస్తది," అనేవాడు తాత. గౌరవ్వ జాలిపడి ఆమె కొంగులో దోసెడు జొన్నలు పోసేది. ముసలమ్మ వద్దనేది కాదు. రెండు చేతులతో పట్టేది. పక్కన నిలబడి చూసే హన్మాండ్లుకు, మావాళ్లెంత మంచోళ్లు అని గర్వంగా ఉండేది. ఆ అడవిని ఆమె వాళ్లు ఏడాది దున్ని, మూడేళ్లు వదిలేసేవాళ్లని ఊళ్లో అందరికీ తెలుసు. వదిలేసిన ఆ మూడేళ్లలోనే సర్కారు దాన్ని ఖాళీ అని రాసుకుంది. ఖాళీ అని సర్కారుకు చెప్పిన నోరు ఎవరిదో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగవలసిన పనే లేదు.

హన్మాండ్లు చేతులైనా కడుక్కోకుండా క్యాంప్ బాస్ ఆఫీసుకు వెళ్లాడు.

"సాబ్, ఆ మడి శేషన్నకు ఇచ్చేస్త."

"ఇచ్చేది లేదని ఆ పొద్దే చెప్పినా గదప్పా. నువ్ వద్దంటే లైన్‌లో బెంగాలీవాళ్లుండారు, వాళ్లకే పోతాది. ఇంత పచ్చగా చేసినోడివి, నీకేం రోగం? ఆదిశేషుకు ఆ జనరేటర్ పక్కది రాసినాలే."

అది ఖాళీగా లేదు సాబ్, నేను అబద్ధం చెప్పిన. ఈ మాట నాలుక చివరి దాకా వచ్చింది. గోడ మీద రూల్సు కాగితం ఫ్యానుగాలికి టపటప కొట్టుకుంటోంది. హన్మాండ్లు సలాం చేసి బయటికొచ్చాడు. మెట్లు దిగుతుంటే గుండెలో బరువు దిగినట్టు తేలిగ్గా అనిపించింది. మడి తనదగ్గరే ఉంటుందన్న తేలిక అది. అది తెలిసొచ్చి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. తన మీద తనకే అంత అసహ్యం ఎన్నడూ పుట్టలేదు.

ఆదిశేషు జనరేటర్ పక్క ఉప్పునేలలో మళ్లీ బకెట్లు మోయడం మొదలుపెట్టాడు. నాలుగు అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. హన్మాండ్లు పరుగున వెళ్లి బకెట్టు అందుకుంటే, "మీకెందుకండీ శ్రమ," అని బకెట్టు అతని చేతికే వదిలేసేవాడు. గదిలో పుంటికూర పోట్లాట ఆగిపోయింది. దేవేందర్ రెండుసార్లు ఎగదోసి చూసి, మంట అంటుకోక ఊరుకున్నాడు.

ఒక శుక్రవారం గోదావరి వైపు నుంచి వెంకీ అని కొత్తవాడు దిగాడు. ఇంటి మీద బెంగతో క్యాంపంతా తిరుగుతూ గోడ దగ్గరి పచ్చదనం చూసి ఆగిపోయాడు. హన్మాండ్లు నీళ్లు పెడుతున్నాడు. అవతల ఆదిశేషు తన మడి మీద గోనెసంచులు పరుస్తున్నాడు.

"ఎంత బాగుందండీ బాబూ! ఎవరిదండీ ఇది?"

"ఈ హన్మాండ్లుగారిది," అన్నాడు ఆదిశేషు, తల ఎత్తకుండానే.

"ఈ ఇసకలో ఇంత మట్టి ఎక్కణ్నుంచి వచ్చిందండీ? ఈయనకంటే ముందు ఎవరైనా చేసేవోరా?"

హన్మాండ్లు చేతిలో పైపు నీళ్లు ఒకేచోట పడి గుంట చేస్తున్నాయి. ఆదిశేషు ఆఖరి సంచి అంచు మీద రాయి పెట్టి, నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో ఎగతాళి లేదు, కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో!

"ఎవరూ లేర్రా అబ్బాయ్. ఖాళీగా ఉండేది," అని హన్మాండ్లు వైపు తిరిగాడు. "అంతేకదండీ?"

వెంకీ కూడా అతని వైపే చూశాడు.

"అంతే," అన్నాడు హన్మాండ్లు.