తెగని మూడు తీగలు

కార్మోసినా పేరు చెబితే నేపుల్స్‌లో ఆ సందంతా ముక్కు మూసుకునేది. గొర్రెపిల్లల పేగుల్ని బూడిద నీళ్ళలో నానబెట్టి, గీకి, గంధకం పొగ పట్టించి, పురిపెట్టి ఫిడేలు తీగలు చేసే ఇల్లు. మల్లెపూల వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? మొగుడు పోయాక పనంతా ఆవిడ చేతికే వచ్చింది. వాసన మాటెలా ఉన్నా, తీగ మాత్రం ఆ ఇంటిదే కావాలని పెద్ద పెద్ద విద్వాంసులు మనుషుల్ని పంపేవాళ్ళు.

ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లో ఒక పొద్దున బియాజో అనే నౌకరు వచ్చాడు. లెయాండ్రో స్పినెల్లి పంపాడన్నాడు. ఆ ఫిడేలు విద్వాంసుడి పేరు వినని ఊరు ఇటలీలో లేదు. ఆయన కమాను ఎత్తితే ఆడవాళ్ళు మూర్ఛపోతారట, దయ్యంతో ఒప్పందం రాసుకున్నాడట. దయ్యానికి వేరే పని లేదు కాబోలు.

"దొన్నా కార్మోసినా, ఆదివారం మధ్యాహ్నం మా మాస్ట్రో కచేరీ," అన్నాడు బియాజో గొంతు తగ్గించి. "రోములో మాకు తీగలు చేసిపెట్టే ముసలాయన పోయాడు. పై మూడు తీగలూ కాస్త గట్టిగా అదిమితే టప్పున తెగాలి. నాలుగోది మాత్రం గుర్రాన్ని కట్టి లాగించినా తెగకూడదు."

కార్మోసినా చేతిలో పేగు అలాగే ఆగిపోయింది. ఆ వింత గురించి ఆవిడా విన్నది. కచేరీ మధ్యలో స్పినెల్లి తీగలు ఒకదాని తర్వాత ఒకటి తెగిపోతాయి. జనం అయ్యో అంటారు. ఆయన చిరునవ్వు నవ్వి, మిగిలిన ఆ ఒక్క లావుపాటి తీగ మీదే 'తల్లి ప్రార్థన' అనే పాట చివరిదాకా వాయిస్తాడు. థియేటరు కూలిపోతుందా అన్నట్టు చప్పట్లు. అయితే ఆ తెగడం కూడా ముందే చెప్పి చేయించుకున్నదన్నమాట!

"లోపల పుచ్చిన పోగు కలిపి పురిపెట్టాలి, అంతేగా?" అంది నిమ్మకు నీరెత్తినట్టు.

"అంతే తల్లీ. ఈ సంగతి మూడో మనిషికి తెలిసిందంటే నా తల ఎగిరిపోతుంది."

"మా ఇంట్లో పేగులు మాట్లాడవులే నాయనా."

వాడు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకంటే ఆ 'తల్లి ప్రార్థన' స్పినెల్లిది కాదు. ఆవిడ తమ్ముడు తొబియాది. ఆవిడ తొబియా అక్కని బియాజోకు తెలియదు.

ఎనిమిదేళ్ళ కిందట తొబియా స్పినెల్లి మేళంలో రెండో ఫిడేలు వాయించేవాడు. తల్లి పోయిందన్న కబురు దారిలో అందితే, ఏడవడానికి కూడా చోటు లేని ఆ సత్రంలో కూర్చుని ఆ పాట రాశాడు. అమ్మ గొంతు లావు గొంతు. అందుకే పాటంతా లావు తీగ మీదే నడిపాడు. మాస్ట్రో చూస్తానని కాగితాలు తీసుకున్నాడు, చూశాడు, నెల తిరక్కుండా తన పాటగా వాయించేశాడు. అది నాదండీ అని తొబియా నోరు తెరిస్తే, దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, నా పెట్టెలోంచి కాగితాలు ఎత్తుకెళ్ళాడని మేళం అందరి ముందూ వాడి మీదే నింద వేశాడు. ఆ తర్వాత ఒక్క థియేటరు కూడా తొబియాను గడప తొక్కనివ్వలేదు. అక్క ఇంటికి వచ్చి, ఫిడేలు మేకుకు తగిలించి, పేగులు గీకుతూ ఉండిపోయాడు. బూడిద నీళ్ళకు వాడి వేళ్ళు పగిలి, మొద్దుబారిపోయాయి. ఆ వేళ్ళు చూసినప్పుడల్లా కార్మోసినా కడుపు మండిపోయేది.

ఆ వారం ఆవిడ తీగలు చేసింది. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఉండదు. మొగుడు దాచిపెట్టిన కట్ట ఒకటుంది, కొండ గొర్రెపిల్లలవి, అద్దంలా ఉండే పేగులు. వాటితో పై మూడు తీగలూ పురిపెట్టింది. వాటికి పడవను కట్టి లాగినా తెగవు. నాలుగో దాంట్లో బూజు పట్టిన పోగు పెట్టి, పైన వెండి తీగ దగ్గర దగ్గరగా చుట్టింది. వెండి కప్పితే లోపలి పుచ్చు ఎవడికి కనబడుతుంది? అటువంటిదే ఇంకొకటి, ఏ లోపమూ లేనిది, చేసి తన పెట్టెలో దాచుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది.

స్పినెల్లి వాటిని పరీక్షించడని ఆవిడకు తెలుసు. తెగాల్సిన తీగలు ముందే తెగితే కచేరీ పాడు. అందుకని సాధనలో నాలుగింటినీ పసిపిల్లను నిమిరినట్టు నిమురుతాడు.

"నేనూ వస్తానక్కా," అన్నాడు తొబియా ఆదివారం నాడు. ఆవిడ చేసిన పని వాడికి తెలియదు.

"ఆ వెధవ ముఖం చూడ్డానికా?"

వాడు ఉన్న ఒక్క మంచి కోటూ దులిపి తొడుక్కున్నాడు.

ఇద్దరూ పై అంతస్తులో, చౌక బెంచీల మీద, చేపలమ్మేవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. స్పినెల్లి నల్లకోటులో సన్నగా వచ్చి నిలబడ్డాడు. వాయించాడు. అబద్ధమెందుకు, బాగానే వాయించాడు. నిప్పురవ్వలు రాలినట్టు స్వరాలు రాల్చాడు. ఇక తీగ తెగే ఘట్టం వచ్చింది. కమాను అదిమాడు. తెగలేదు. ఇంకాస్త అదిమాడు. ఫిడేలు కీచుమంది కానీ తీగ చెక్కుచెదరలేదు. జనం ముందుకు వంగారు. ఆ వింత కోసమే వచ్చారు మరి. ఆయన రెండో తీగ మీద పడ్డాడు, మూడో దాని మీద పడ్డాడు, రంపంతో కట్టెలు కోసినట్టు కోశాడు. నుదుటి మీంచి చెమట కారి పౌడరు కరిగింది.

"మాస్ట్రో! కత్తెర పంపమంటారా?" అని అరిచాడు పక్కనున్న చేపలాయన.

"మా అత్త నోరు అరువిస్తా తీసుకోండి! ఉక్కునైనా కొరికేస్తుంది!" అంది వెనకనుంచి ఒకావిడ.

పై అంతస్తు అంతా గొల్లుమంది. కింద పెద్దమనుషులు విసనకర్రల చాటున నవ్వుకున్నారు. కార్మోసినా మాత్రం నవ్వలేదు. శాలువా కొస పిడికిట్లో బిగించి కూర్చుంది. ఇంకా ఉంది నీకు, అనుకుంది.

ముఖం కందగడ్డ చేసుకుని స్పినెల్లి ఆ మూడింటినీ వదిలేసి నాలుగో తీగ మీద 'తల్లి ప్రార్థన' ఎత్తుకున్నాడు. నవ్వులు ఆగాయి. లావు గొంతు హాలంతా పరుచుకుంది. చేపలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట పైకి, ఇంకా పైకి ఎక్కి, తల్లి పేరు పెట్టి పిలిచినట్టుండే ఆ చోటికి వచ్చింది. అక్కడ కమాను గట్టిగా ఆనాలి. ఆనింది. టప్పున తెగింది. వెండి చుట్ట విడిపోయి స్పినెల్లి చెంప మీద వాత పెట్టింది.

హాలంతా ఈలలు, కేకలు, కమలాపండు తొక్కలు. తెగాల్సినవి మూడూ నిక్షేపంగా ఉన్నాయి. వాటి మీద ఆ పాట పలకదు. స్పినెల్లి తేలుకుట్టిన దొంగలా చెంప పట్టుకుని తెర వెనక్కి పోయాడు.

కార్మోసినా గుండె పొంగిపోయింది. ఎనిమిదేళ్ళ పగ. ఇప్పుడు ప్రాణం చల్లగా ఉంది. తమ్ముడి వైపు తిరిగింది. వాడు ఏడుస్తున్నాడు.

"అక్కా, ఆ తీగ మనింటిదేనా?"

"మనింటిదే. నీ కోసమే చేశా."

"పాటలో ఇంకొక్క వరుస ఉందక్కా. అమ్మ కళ్ళు మూసుకునే వరుస." వాడు పగిలిన వేళ్ళు ఆవిడ ముందు చాపాడు. "ఇవి వాయించలేవు. వాడు దొంగే, కాదన్లేదు. కానీ వాడి చేతిలోనైనా ఆ పాట బతికుంది. ఒక్కసారి చివరిదాకా విందామనే వచ్చాను."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. స్పినెల్లిని క్షమించాలని మాత్రం ఆవిడకు ఇప్పటికీ అనిపించలేదు. నా చేత్తో అమ్మ పాటను కూడా తెంపానే అని కుమిలిపోయింది.

ఇల్లు చేరాక పెట్టె తెరిచి, దాచిన తీగ తీసింది. మేకు మీది ఫిడేలు దింపి, దుమ్ము తుడిచి, ఆ ఒక్క తీగా బిగించి తమ్ముడి ఒళ్ళో పెట్టింది.

"నా వల్ల కాదక్కా."

"మెల్లగా వాయించు. నాకేం తొందర లేదు."

వాడు తీగను ఒకసారి మీటి, చివరికి ఫిడేలు గడ్డం కింద పెట్టుకున్నాడు. వేళ్ళు జారాయి, స్వరం పక్కకు పోయింది, మళ్ళీ పట్టుకున్నాడు. ఎదురింటి కిటికీ దభాలున తెరుచుకుంది.

"ఎవడయ్యా అది, పిల్లి పీక పిసుకుతున్నది? ఆ స్పినెల్లి పాటలా ఉందే, వీడికెందుకూ?"

కార్మోసినా కిటికీలోంచి సగం బయటికి వంగింది. సందు ఈ కొసనుంచి ఆ కొసకు వినబడేలా అరిచింది.

"నా తమ్ముడు తొబియా! ఆ పాట వాడిది! స్పినెల్లి దొంగ! ఇష్టముంటే విను, లేకపోతే ముక్కుతో పాటు చెవులూ మూసుకో!"

ఎదురింటాయన కిటికీ మూయలేదు. లోపల తొబియా చివరి వరుస మొదలుపెట్టాడు.