శారద చీర మీద బోనం

ఆషాఢ బోనాలను ఎండెక్కకముందే మొదలుపెట్టాలనుకున్నాం. మనవాళ్ళ అలవాటు ప్రకారం అందరూ వచ్చేసరికి పదకొండు దాటింది. అమెరికాలోని మా ఫీనిక్స్ ఎండకు గుడి పార్కింగ్ లాట్ పెనంలా కాలుతోంది. దాన్ని దాటితేనే అమ్మవారు.

బిడ్డ సుఖంగా పుడితే చెప్పుల్లేకుండా బోనం ఎత్తుతానని మొక్కుకుంది ప్రణీత. తల మీద వేపాకులు కట్టిన కుండ, దాని మీద దీపం.

"చెప్పులేస్కోవే. అమ్మవారేమనుకోదు," అంది వాళ్ళత్త.

"మొక్కింది నేను అత్తమ్మా. మీరు జరగండి."

ఇద్దరమ్మాయిలు చున్నీలు తీసి, కూలర్‌లోని ఐస్ నీళ్ళలో ముంచి ఆమె ముందు పరిచారు. అవి సగం దారికే సరిపోయాయి. కారు సీటు కాలకుండా దాని మీద నేను పరుచుకునే నేతచీర గుర్తొచ్చింది. పోయిన నా భార్య శారదది. తెచ్చి, తడిపి పరిచాను.

ప్రణీత ఆగిపోయింది. "అంకుల్, ఆంటీ చీరను తొక్కాలా?"

"తొక్కమ్మా. ఏటా ఇక్కడే బోనం ఎత్తి, అరికాళ్ళు బొబ్బలెక్కి వారం కుంటేది మీ ఆంటీ. నువ్వన్నా చల్లగా నడువు."

దీపం కదలకుండా అమ్మవారి గడప దాకా నడిచింది ఆ పిల్ల.

చీర తీసి పిండబోతుంటే వాళ్ళత్త అందుకుంది.

"ఇటియ్యన్నా. ఎనక బోనాలెత్తినోళ్ళు ఇంకా శానామంది ఉన్నరు."