లూదియా రాగి పెట్టె

తెల్లారి ఆరింటికి లూదియా తలుపు తీసేసరికి అరుగు మీద పాలగిన్నెలు ఉంటాయి. ఒకటి పక్కింటి సువార్తమ్మది, ఒకటి ఎదురింటి వాళ్లది, మూడోది ఆ పూట గ్యాసు అయిపోయిన వాళ్లది. లూదియా ఒక్కో గిన్నెనూ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంటుంది. కాసేపటికి అంచుల వెంట బుడగలు లేస్తాయి, పాలు పొంగుకొస్తాయి. పదేళ్లప్పుడు వచ్చిన జ్వరం ఆమె ఒళ్లంతా విడిచి అరచేతుల్లో నిలిచిపోయింది. వేళ్లు మాత్రం మామూలే. ఆళ్లగడ్డలో ఆ వీధికి అది వింత కాదు. పక్కింట్లో బావి ఉంటే నీళ్లు తోడుకోరా, అట్లాగే. "అయినాయా?" అని అడిగి, గిన్నెను కొంగుతో పట్టుకుని వెళ్లిపోతారు.

నాయన ఫిలిప్ సారు చనిపోయి ఏడాదైంది. అప్పటినుంచి రోజు మొత్తంలో ఎవరైనా ఆమెను అడిగే మాట దాదాపు అదొక్కటే.

ఆమె పని పెళ్లి వీడియోలు కూర్చడం. ఫోటో స్టూడియో సంజీవయ్య క్యాసెట్లు తెచ్చిస్తాడు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కరలేనిది కోసేసి, పాటలు కలిపి సీడీలు చేసిస్తుంది. దొర్నిపాడు నుంచి పగిడ్యాల దాకా ఎంతమంది పెళ్లికూతుళ్లు తల వంచుకుని నవ్వారో ఆమెకు తెలుసు. తన పెళ్లి మాత్రం రెండుసార్లు మాటల దాకా వచ్చి ఆగింది. రెండోసారి వచ్చిన పెద్దాయన మర్యాదస్తుడు. కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, "పాదిరి చేతిలో చెయ్యి పెట్టమంటాడు గదమ్మా. మావోడు ఎట్ల పట్టుకుంటాడు?" అన్నాడు. ఆ మాటకు ఎవరికీ కోపం రాలేదు. అప్పుడామెకు ముప్పై. ఇప్పుడు ముప్పై ఆరు.

అది 2005 మే నెల. కొత్త కంప్యూటర్ వేగంగా నడిచేది గానీ కుంపటిలా కాగేది. ఒక పెళ్లి సీడీ తయారు కావాలంటే అది పది పదకొండు గంటలు ఆగకుండా నడవాలి. ఆ ఎండల్లో సగం పనికే టప్పున ఆగిపోయేది. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే ఫ్యాన్ కూడా వడగాలే కొట్టింది. మూడు పెళ్లిళ్లు అట్లా సగంలో నిలబడ్డాయి.

"ఆదివారం లోపల ఇయ్యకుంటే కర్నూలుకు పంపిస్తా లూదియమ్మా. ఇంగ ఆడనే చేపించుకుంటా. తప్పుగా అనుకోవద్దు" అన్నాడు సంజీవయ్య గుమ్మం బయటే నిలబడి.

ఆ సాయంత్రం ఆమె ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికింది. ఏ దేశంలోనో ఒకతను కంప్యూటర్‌ను నీళ్లతో చల్లార్చుకుంటున్న బొమ్మలు దొరికాయి. లోపల కాగే చిప్పు మీద బోలుగా ఉన్న రాగి పెట్టె, దాన్లో పారే నీళ్లు. వేడెక్కిన నీళ్లు పైపులో కిటికీ దాటి బయటున్న రేడియేటర్‌లో చల్లబడి మళ్లీ లోపలికి వస్తాయి. ఆమె ఆ బొమ్మను నోటుపుస్తకంలో గీసుకుంది.

మర్నాడు బస్సెక్కి నంద్యాల పోయింది. ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న మోటారు, చేపల తొట్టి పైపు ఆరు గజాలు కొన్నది. అక్కడే నూనెపల్లెలో రేడియేటర్లు బాగుచేసే ఓబులేసు షెడ్డు ఉందని ఎవరో చెబితే అక్కడికి వెళ్లింది. యాభై దాటిన మనిషి. ఒక్కడే కూర్చుని లారీ రేడియేటర్‌లో మట్టి గీకుతున్నాడు.

"కంప్యూటర్‌కు రేడియేటరా?" అన్నాడు బొమ్మ చూసి. "అదేమన్నా ఘాటు రోడ్డు ఎక్కేదుందా పాపా?"

"ఎక్కకుండానే కాగుతాంది అన్నా."

అతను నవ్వలేదు. పుస్తకాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని, దగ్గరకు తెచ్చుకుని, మళ్లీ దూరం పెట్టి చూశాడు. లేచి, పాత కారుది ఒక చిన్న రేడియేటర్ బయటికి లాగాడు. రాగి రేకు కోసి అగ్గిపెట్టెంత పెట్టె మడిచి, అంచులకు తగరంతో మాటు వేశాడు. నీళ్లలో ముంచి గాలి ఊదితే ఒక మూల బుడగలు వచ్చాయి. ఆ మూలకు మంట చూపితే ఈ మూల ఊడింది. మూడుసార్లు అట్లాగే అయింది.

"సూది బెజ్జమంత ఉంటాది. నాకు కండ్లు ఆనడం లేదు" అన్నాడు ఓబులేసు, పట్టకారు కింద పెట్టి. "ఒక్క చుక్క కారినా నీ మిషను బూడిదే. నేను ఇయ్యను పాపా, పో."

లూదియా ఆ పెట్టె వైపు చూసింది. "ఈడియ్యన్నా" అంది.

పెట్టెను రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కింది. పాలకైతే ఇంత బలం ఎప్పుడూ పెట్టలేదు. తగరం మెరిసి, నెయ్యిలా కరిగి, నాలుగంచులకూ ఒక్కసారే పాకింది. ముంచి చూశారు. ఒక్క బుడగ రాలేదు.

ఓబులేసు పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. చేతులవైపు చూడలేదు, మాటువైపే చూశాడు. "బాగొచ్చింది" అన్నాడు. "నలుపక్కలా ఒకటే వేడి. మంటతో ఇట్ల రాదు."

ఇంటికొచ్చి కిటికీ బయట నీడ పట్టున గోడకు రేడియేటర్ బిగించింది. లోపల కిటికీ కింద మూత ఉన్న డబ్బాలో మోటారు పెట్టి నిండా నీళ్లు పోసింది. కంప్యూటర్‌కు తగిలించకుండా పైపుల కింద పేపర్లు పరిచి ఒక పగలంతా మోటారు తిప్పి చూసింది. పేపర్లు తడవలేదు. శుక్రవారం పొద్దున్నే రాగి పెట్టెను చిప్పు మీద బిగించి దొర్నిపాడు పెళ్లిని మొదలుపెట్టింది.

మధ్యాహ్నం వీధి అంతా తలుపులు వేసుకుంది. మోటారు సన్నగా మూలుగుతోంది. నాయన పోయాక ఆ ఇంట్లో తనది కాని చప్పుడు వినడం ఆమెకు అదే మొదలు. సాయంత్రానికి పెళ్లి పూర్తయింది. మధ్యలో ఒక్కసారీ ఆగలేదు.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది. "అత్తా, పదకొండు గంటలు నడిచింది. ఆగలే!"

"అట్లనా?" అంది సువార్తమ్మ, పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండా. "వచ్చినావ్ గదా, ఈ పాలు రోంత కాంచిపో. పిల్ల ఏడుస్తాంది."

పాలు కాచి ఇచ్చి ఇంటికొచ్చింది. తలుపు వేసుకుని, రెండో పెళ్లిని మొదలుపెట్టి, మోటారు పక్కన నేల మీద కూర్చుంది.

శనివారం సాయంత్రానికి మూడు పెళ్లిళ్లూ సంజీవయ్యకు అందాయి. సోమవారం ఆమె నంద్యాల బస్సెక్కింది. కొనవలసిందేమీ లేదు.

ఓబులేసు ఆమెను చూడగానే రెంచి పక్కన పెట్టాడు. "కారిందా?"

"కారలే."

"ఎన్ని గంటలు నడిచింది?"

"పదకొండు."

"నీళ్లు ఎంత వేడెక్కినాయి?"

"గోరువెచ్చగానే ఉన్నాయన్నా."

"మోటారు?"

అతను ఒక్కొక్కటే అడుగుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. అరగంట పట్టింది. అంతసేపు ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. ఆఖరికి అతను ఒక ట్రాక్టర్ రేడియేటర్‌ను ఆమె ముందుకు జరిపాడు.

"నా కండ్లు పోతాండాయి పాపా. షెడ్డు మూసేద్దామనుకుంటి. వారానికి మూడు దినాలు రాగలవా? బోర్డు మీద నీ పేరు గూడా రాపిస్తా."

ఆమె ఆ రేడియేటర్ నీళ్ల గొట్టం అంచు మీద అరచెయ్యి ఆనించింది. "ఆడ గాదు, ఇంగ కిందికి" అంటూ ఓబులేసు ఆమె అరచెయ్యి పట్టుకుని జరిపాడు. ముప్పై ఏళ్లుగా మంటల దగ్గర కాలి కాలి అతని వేళ్లు ఎండిన తోలులా మొద్దుబారి ఉన్నాయి. లూదియా ఉలిక్కిపడింది.

"కాలలేదా అన్నా?"

"ఏంది కాలేది?" అన్నాడు అతను, బెజ్జం యాడుందా అని వెలుతురుకు వంగి చూస్తూ.

అతను చెయ్యి వదలకుండానే మాటు ఎటునుంచి ఎటు పారాలో చూపిస్తున్నాడు. బయట ఆళ్లగడ్డ బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఇంకో బస్సు ఉంటుందిలే అనుకుని ఆమె కదలకుండా కూర్చుంది.