కామరాజు మోసిన బిందె

తొంభై నాలుగు చలికాలంలో పటాన్‌చెరు దగ్గర మా బకెట్ల ఫ్యాక్టరీకి కామరాజు సూపర్‌వైజరుగా వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి. మెషిన్ మీదున్న ప్రతి నాబ్‌నీ పలకరించాకే టీ తాగేవాడు. నేను ప్యాకింగ్‌లో ఉండేవాణ్ణి. అచ్చులోంచి వచ్చిన బకెట్లకు మూతలు బిగించి చూడటం నా పని, అందుకే ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

ఆ బకెట్లు ఒక రంగుల కంపెనీకి. సేటు కామరాజుతో ముందే చెప్పేశాడు. "సోమవారం వాళ్ల ఆఫీసర్ వస్తాడు. మాల్ పాసైతే నీ ఉద్యోగం పక్కా. లేకుంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కెయ్." పాపం, భార్య నాగేశ్వరినీ, సామాన్లనూ కిరాయి ఇంట్లో దించి అప్పటికి నెల కూడా కాలేదు.

వచ్చీ రాగానే ఆయన కళ్లు బిందెతో వచ్చిన బస్తీ దేవమ్మ మీద పడ్డాయి. కరిగిన ప్లాస్టిక్ గట్టిపడాలంటే అచ్చు చుట్టూ చల్లటి నీళ్లు తిరగాలి. అవి వేడెక్కి వెనక తొట్టిలో పడి, మళ్లీ అచ్చుకే వెళతాయి. చలికాలం పొద్దున్నే ఊరికే దొరికే వేడినీళ్లను వదులుకునేంత అమాయకులు పక్క బస్తీలో ఎవరూ లేరు. ముందు దేవమ్మ, వెనక ఆడవాళ్లంతా బిందెలతో వచ్చి తోడుకుపోయేవారు. తొట్టి తగ్గినకొద్దీ బోరు నీళ్లు వాటంతటవే నిండేవి.

"ఇది ఫ్యాక్టరీయా, పుష్కరాల రేవా?" అని కామరాజు గొంతు చించుకున్నాడు. "దొంగలు! కంపెనీ నీళ్లు ఎత్తుకుపోతున్నారు!"

దేవమ్మ బిందె దించింది. "ఎవల్ని దొంగలంటున్నవ్ సారూ? ఉడుకునీళ్లు తీస్కపోతే దొంగతనమా? ఇగ నువ్వు పిలిచినా రాం, పో."

ఆ రోజే తొట్టి చుట్టూ ముళ్లకంచె పడింది. మర్నాడు మధ్యాహ్నానికి బకెట్లకు ఏదో రోగం వచ్చింది. అచ్చులోంచి గుండ్రంగా వచ్చినవి, నేల మీద పెట్టిన కాసేపటికి కోడిగుడ్ల ఆకారంలోకి వంగిపోయేవి. మూత ఒకవైపు నొక్కితే రెండోవైపు లేచేది.

కామరాజు మెషిన్ వేడి తగ్గించాడు. బకెట్ సగమే నిండింది. ప్రెషర్ పెంచాడు. అంచుల్లోంచి ప్లాస్టిక్ పొంగింది. అచ్చును ఎక్కువసేపు మూసి ఉంచాడు. బకెట్లు బాగానే వచ్చాయి గానీ, రోజుకు సగం కూడా రాకపోయేసరికి సేటు మొహం మాడింది. ఇక తిట్లు మొదలయ్యాయి. ప్లాస్టిక్ గింజలు నాసిరకం, కరెంటు నాసిరకం, చివరికి మూతలు బిగించే నా చేతులు కూడా నాసిరకమే! నాకు ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ప్రెషర్ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పాడు. మూతలు టక్కున కూర్చున్నాయి. ఆ నాబ్‌కు కుంకుమబొట్టు పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా టేపు చుట్టి, అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. "సెట్టింగంటే ఇదీ!" అన్నాడు. శనివారం మధ్యాహ్నానికి అదే నాబ్, అదే బొట్టు, మళ్లీ కోడిగుడ్లు.

కామరాజు దిగాలుగా వెళ్లి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. కాలి చెప్పు జారి నీళ్లలో పడింది. అందుకోబోయి "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇన్నాళ్లూ మీటర్లన్నీ చూశాడు గానీ నీళ్లలో వేలు పెట్టలేదు మహానుభావుడు. నేనూ పెట్టలేదనుకోండి.

"ఏమయ్యా మొగులయ్యా, ఈ నీళ్లు ఎప్పుడూ ఇలాగే కాలుతుంటాయా?" అని వాచ్‌మన్‌ని అడిగాడు.

మొగులయ్య తల గోక్కున్నాడు. "నిన్న సల్లగనే ఉండె సార్. కోపం జెయ్యకుర్రి. నిన్న పొద్దుగాల మా అన్న బిడ్డ పెండ్లి ఉండె. సుట్టాల తానాలకని కంచె తీసి, తొట్టి మొత్తం తోడుకపోయినం."

కామరాజు ఆ బొట్టు పెట్టిన నాబ్ వైపు ఒకసారి చూశాడు. వేడినీళ్లు తోడినకొద్దీ తొట్టిలోకి చల్లటి బోరు నీళ్లు వచ్చేవి; మా బకెట్లను ఇన్నాళ్లూ చల్లబరిచింది బస్తీవాళ్ల స్నానాలే.

"అయితే తొట్టిని కాలవలోకి వదిలేద్దాం" అన్నాను. సేటు ఎగిరిపడ్డాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ గోడ దాటి మంచినీళ్లు పారినా, అవి మందుల కంపెనీలు వదిలే విషపు నీళ్లేనని రైతులు వచ్చి గేటు ముందు కూర్చునేవారు. పొలాలు పాడైనవాళ్లు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఇక ఆ నీళ్లు బయటికి పోయే దారి బిందెలే.

ఆదివారం కామరాజు నన్ను తోడు తీసుకుని బస్తీకి వెళ్లాడు. "దేవమ్మగారూ, దయచేసి వచ్చి నీళ్లు తీసుకెళ్లండి."

"ఏంది సారూ, మొన్న దొంగనైతి, ఇయ్యాల గారునైతినా?"

"తప్పయిపోయిందమ్మా. రేపు మూతలు పట్టకపోతే నా ఉద్యోగం పోతుంది." నన్ను తిట్టిన తిట్లన్నీ మరిచిపోయి జాలిపడ్డాను.

దేవమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నీ మూతల సంగతి నాకేం ఎరుక? అందరి ముంగట దొంగన్నవ్. అందరి ముంగట్నే మొదటి బిందె నువ్వు మోసుకొచ్చి మా ఇంట్ల పెట్టు. ఇగ అందరం వస్తం."

సోమవారం పొద్దున కామరాజు ఇస్త్రీ చొక్కా మీద బిందె ఎత్తుకుని బయల్దేరాడు. బస్తీ అంతా గుమ్మాల్లో నిలబడింది. సరిగ్గా అప్పుడే ఆఫీసర్ జీపు ఎదురొచ్చి ఆగింది.

"బకెట్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఎక్కడుంటారయ్యా?"

"నేనేనండీ."

"మరి ఈ బిందేమిటి?"

"కూలింగ్ సార్" అన్నాడు కామరాజు, బిందె దించకుండానే.

ఆఫీసర్ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒకవైపు బిందెలు పోతూనే ఉన్నాయి, ఇంకోవైపు మూతలు కూర్చుంటూనే ఉన్నాయి. ఒక మూతను ఊడబెరకబోయి ఆఫీసర్ గోరు విరగ్గొట్టుకున్నాడు. ఆ కోపంలోనే మాల్ పాస్ చేసి వెళ్లిపోయాడు.

కామరాజు నాగేశ్వరికి చెప్పాలని ఆనందంగా గేటు దాటబోతుంటే దేవమ్మ ఎదురైంది.

"నౌకరి పక్కానా సారూ?"

"పక్కా అమ్మా!" అని కళ్లు తుడుచుకున్నాడు.

"మంచిగైంది. అయితే రేపు బిందె జెర జల్దీ తే. పిల్లలు తానాలు జేసి బడికి పోవాలె."