దారి అడిగిన ఏరు

జమ్మలమడుగు ఏటిగడ్డ వీధిలో తబస్సుమ్ ఇంటి ముందుగదే ఇంటర్నెట్ సెంటరు. గండికోట చూడొచ్చేవాళ్లకు ఆ వీధివాళ్లు గదులు అద్దెకిస్తారు. ఆ గదుల ఫోటోలతో ఆమె ఒక వెబ్‌సైటు పెట్టింది. పొద్దున్నే షట్టరెత్తి, ఊదొత్తి వెలిగించి, నిన్న సైటుకు ఎవరెవరొచ్చారో చూసుకోవడం ఆమె అలవాటు.

మొదట్లో ఆ రాకపోకల చిట్టాలో అర్థంకాని వరుసలు చాలా కనబడేవి. సైటులో లేని బొమ్మను ఎవరో అడిగినట్టుండేది. అది మనిషి పని కాదని, పేజీ తెరిచినప్పుడు బ్రౌజరే తనంతట తాను సైటు గుర్తు కోసం అడుగుతుందని మెల్లగా తెలుసుకుంది. రోబోట్స్ అనే ఫైలు అడిగేవి ఇంటర్నెట్‌లో పేజీలు వెతికిపెట్టే యంత్రాలు. ఎక్కడికి రావొద్దో అందులో రాసిపెడితే, మర్యాద తెలిసినవి అటు తొంగిచూడవు. ఆమె అలాంటి ఫైలేదీ పెట్టలేదు.

ఆ వానాకాలం ఒక వరుస మాత్రం అంతుబట్టలేదు. ఏ పేజీ తెరవదు, ఏ ఫోటో చూడదు. ఆ ఫైలొక్కటే అడిగి పోతుంది. వచ్చినవాళ్ల ఊరి పేరుండే చోట మొదట పామిడి అని ఉంది. తర్వాత తాడిపత్రి. ఎవడో దొంగ తలుపులు తడుముతున్నాడని పాస్‌వర్డు మార్చింది. మరునాడు గండికోట లోయ అని కనబడింది. వానల్లో మనిషి దిగలేని చోటది.

పక్కింటి సోమక్కను పిలిచి చూపించింది. సోమక్క ఆ ఊర్ల పేర్లు చదివి కొంగుతో మొహం తుడుచుకుంది.

"దొంగ కాదు పాపా, పెన్నేరు. ఈ ఊర్లన్నీ అది వచ్చే దారిలోవే. వచ్చే ముందర అడగడం దానికి అలవాటే. మా అత్త కాలంలో బాయిల్లో గుడగుడమని అడిగేది. గడప ముందర పిండితో గీత గీస్తే ఆ ఇంటికి రాదు. ఇప్పుడు బాయిలన్నీ ఎండిపోయె. ఇంక యాడ అడగాల?"

ఏరు అడిగి వస్తుందని ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. తననే అడుగుతుందని మాత్రం తబస్సుమ్ అనుకోలేదు. కూర్చుని రోబోట్స్ ఫైలు పెట్టి, అందులో వీధిలోని ఒక్కో ఇంటి పేరూ మూసిన దారిగా రాసుకుంటూ వచ్చింది. చివరికి తన ఇల్లొచ్చేసరికి సోమక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"అన్నీ మూసేయొద్దు. దారి లేకుంటే ఆయమ్మ తిరిగిపోతాది. మల్ల రాదు. తాగేదానికి గుక్కెడు నీళ్లుండవు."

"ఎవురిల్లు తెరిచిపెట్టాల సోమక్కా?"

సోమక్క తన ఇంటి వైపు చూసింది. ఆమె ఇంట్లో బాలింత కూతురుంది. ఎదురింట్లో కదల్లేని ముసలాయన. తబస్సుమ్ తన ఇంటి పేరు రాసింది, భయంతో చాలాసేపు చూసింది, తుడిపేసింది. ఆ దారొక్కటే తెరిచి ఉంది. నాయన ఖాసిం సాహెబ్‌కు సంగతి చెబితే, ఆయన నమాజు చాప చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

మధ్యాహ్నం ఏరొచ్చింది. ఎర్రగా, నిండుగా వీధిలోకి తిరిగి, ఏ గడపనూ తాకకుండా నడిచి, తబస్సుమ్ వాకిట్లో మలుపు తిరిగింది. గోడలు ఒక్కొక్కటే కూర్చున్నట్టు కూలాయి. నీళ్లు పెరటి గుండా పాత వాగువంకలోకి దిగిపోయాయి. సాయంత్రానికి బావులు నిండాయి. సోమక్క తండ్రీకూతుళ్లను తన ఇంట్లో ఉంచుకుంది.

తర్వాత ఊళ్లో ఇంకో సెంటరులో చూసినా ఆ వరుస మళ్లీ కనబడలేదు. తబస్సుమ్ ఊపిరి పీల్చుకుంది.

మరో వానాకాలం ఆమె సోమక్క పంచలో బియ్యం కడుగుతోంది. గిన్నెలో నీళ్లు వాటంతటవే వణికాయి. చెవి దగ్గర ఎవరో మెత్తగా, మర్యాదగా అడిగారు.

"ఈసారి ఎవురిల్లు?"

తలెత్తి చూస్తే, వీధిలో ఆడవాళ్లంతా పనులాపి, ఎవరి పేరు చెబుతుందోనని తన మొహం వైపే చూస్తున్నారు.