నవ్వు రావాలి

వేషానికి ముఖాన పూసుకునే జింకు పొడిని అరచేతిలో కొబ్బరినూనెతో మర్దిస్తూ, బాలనర్సమ్మ ఎదురుగా నిలబడ్డ మహీధర్‌ను ఓరకంట చూసింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. జనగామలో బస్సుల్లేవు, బడుల్లేవు. చౌరస్తాలోని దీక్షా శిబిరంలో మాత్రం రోజుకొక కార్యక్రమం ఉండాల్సిందే. ఇవాళ్టిది ఆమె నాటకం.

"అమరుని తల్లి యేషం నీదేనక్కా. మాటలు నేనే రాసిన," అంటూ అతనొక కాగితం ఇచ్చాడు.

చదివింది. ప్రతి మాటకూ ముందొక గిట్ల, వెనకొక గట్ల. హైదరాబాదు కాన్వెంటులో చదివిన పటేలు కొడుకు. నిన్నమొన్నటిదాకా పుస్తకాల భాషే మాట్లాడాడు. ఇప్పుడు మెడలో కండువాతో పాటే యాసనూ వేసుకున్నాడు.

ఇలాంటి కాగితాలు ఆమెకు కొత్త కాదు. నాటక పరిషత్తుల్లో రాణి వేషాలకు పతకాలు తెచ్చుకున్న మనిషిని సినిమావాళ్లు పనిమనిషిని చేశారు. నలభై సినిమాల్లో అంట్లు తోమింది. "మా తాన గట్లనరు సారూ" అంటే డైరెక్టరు విసుక్కునేవాడు. "మీరెట్లా అంటే నాకెందుకమ్మా? ఇంకాస్త వంకరగా అను. నవ్వు రావాలి."

అంది. నవ్వు వచ్చింది. జనగామ టాకీసులోనూ వచ్చింది. అందరికంటే గట్టిగా నవ్విన మహీధర్ వెనక వరసలోనే ఆ రోజు ఆమె కూర్చుంది. నవ్విన వాళ్లను ఏవగించుకుంది. ఆ మాటలు అన్నందుకు తనను తాను ఇంకా ఎక్కువ.

"మా అవ్వ గిట్ల మాట్లాడలే పటేలా."

"పబ్లిక్‌కు గిట్లుంటెనే ఎక్కుతది అక్కా."

ఆమె కాగితాన్ని పొడి డబ్బా కింద పెట్టి స్టేజి ఎక్కింది.

లెక్చరర్ సదానందం తెల్లగుడ్డ కప్పుకొని శవమై పడుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయిన తన అన్నను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు, కన్నతల్లి అయిన అవ్వ ఏడవలేదు. భుజం తట్టి ఒక్క మాట అంది. బాలనర్సమ్మ ఆ మాటే అంది.

"లే బిడ్డా. బువ్వ సల్లారుతాంది."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పందిరంతా నవ్వింది. వాళ్లకేం పగ లేదు. ఆ గొంతు వినబడితే నవ్వాలని టాకీసులో నేర్చుకున్నారు, అంతే. గుడ్డ కింద శవం పొట్ట కూడా కదిలింది.

నవ్వు ఆగేదాకా ఆమె కూర్చునే ఉంది. తోమాల్సిన గిన్నెలను చూసినట్టు వరసగా ఒక్కొక్క ముఖాన్నీ చూసి, లేచి మెట్లు దిగింది.

మహీధర్ ఎదురొచ్చాడు. "మంచిగ నవ్విచ్చినవక్కా. అందరు పరేషాన్‌ల ఉన్నరు, జర హుషారొచ్చింది."

"తెలంగాణ అచ్చినంక గూడ మీరు గిట్లనే నవ్వుతరు," అంది బాలనర్సమ్మ.

ముఖానికున్న రంగు కడుక్కోకుండానే రోడ్డు వెంట ఇంటివైపు నడిచిపోయింది. మళ్లీ ఏ స్టేజీ ఎక్కలేదు.

మైకులో సన్మానానికి ఆమె పేరు రెండుసార్లు పిలిచారు. ఆమెకు కప్పుదామని తెచ్చిన శాలువా విప్పని కవరులోనే ప్లాస్టిక్ కుర్చీలో ఉండిపోయింది. దాని మీద ఎవరో తాగేసిన టీ గ్లాసు పెట్టి పోయారు.